పాఠాలకి కొదవ లేదు, తప్పు చూసేవాళ్ళకే

పెళ్ళి భోజనాల దగ్గర, గృహప్రవేశాల్లో, ఆఖరికి రైల్లో పక్క సీటాయన కూడా అడిగే ప్రశ్న ఒకటుంది. "మావాడు ఎనిమిది చదువుతున్నాడండీ. కోడింగ్ నేర్పిద్దామనుకుంటున్నాం. ఏ కోర్సు మంచిదంటారు?" నేను వెబ్ డెవలపర్‌ని. దానికితోడు వారంలో కొన్ని సాయంత్రాలు ఓ జిల్లా పరిషత్ హైస్కూలు పిల్లలకి ఆన్‌లైన్లో వెబ్ పేజీలు చేయడం నేర్పుతుంటానని చుట్టాలందరికీ తెలిసిపోయింది. కోర్సు ఏదైనా పర్వాలేదండీ, మీవాడు మధ్యలో ఆగిపోతే చూసేదెవరు అని ఎదురడుగుతాను. ఈ జవాబు ఎవరికీ నచ్చదు. కోర్సు పేరు చెప్తే డబ్బు కట్టేసి నిశ్చింతగా ఉండొచ్చు. మనిషిని వెతకమంటే ఎక్కడ వెతుకుతారు పాపం.

పేర్లు చెప్పడానికేముంది? దిమ్మెల్లాంటి ముక్కలు పేర్చి పిల్లలు ప్రోగ్రాం చేసుకునే ఎంఐటీ వాళ్ళ స్క్రాచ్ 2007 నుంచి ఉచితంగా ఉంది. ఫ్రీకోడ్‌క్యాంప్ 2014లో మొదలైంది, ఇప్పటికీ పాఠాలకి పైసా అడగదు. వెబ్ పేజీలు రాయడానికి వాడే హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్ గురించి మొజిల్లా వాళ్ళ ఎండీఎన్ సైటులో ఉన్నంత వివరం నేను చూసిన ఏ డబ్బుల కోర్సులోనూ లేదు. ఇంగ్లీషు కష్టమైతే యూట్యూబ్‌లో తెలుగు పాఠాలు కుప్పలుతెప్పలుగా ఉన్నాయి. ఇన్ని ఉన్నా, ఒంటరిగా మొదలుపెట్టిన పిల్లలు నేను చూసినంతలో రెండో మూడో పాఠం దగ్గరే ఆగిపోతారు.

ఎలా ఆగిపోతారో చెప్తాను. వీడియోలో మాస్టారు నాలుగు లైన్లు టైపు చేస్తారు, పేజీ వస్తుంది. పిల్ల కూడా అవే నాలుగు లైన్లు టైపు చేస్తుంది, పేజీ రాదు. వీడియో వెనక్కి తిప్పి మళ్ళీ చూస్తుంది. మాస్టారికి మళ్ళీ వస్తుంది, తనకి మళ్ళీ రాదు. తన స్క్రీన్ మీదున్న తప్పు వీడియోలో ఉండదు కాబట్టి ఎన్నిసార్లు తిప్పినా దొరకదు. కింద కామెంట్లో "సార్ నాకు రావట్లేదు" అని రాస్తుంది, రెండ్రోజులు చూస్తుంది, తర్వాత "మనకి కోడింగ్ రాదులే" అనుకుని ఫోను పక్కన పెట్టేస్తుంది. అక్కడ జరిగిందల్లా ఏ కొటేషన్ గుర్తో వంకరగా పడటం, అంతే.

అందుకే నా వాదన ఇది. పిల్లలకి ఆన్‌లైన్లో కోడింగ్ నేర్పాలనుకునేవాళ్ళు ఇంకో కోర్సు తయారుచేయొద్దు, ఇంకో వీడియో పెట్టొద్దు. పిల్లలు రాసిన, పనిచేయని కోడుని కూర్చుని చదవండి. కొరత అంతా అక్కడే ఉంది.

ఈ మాట అంటే 2020 గుర్తొస్తుంది. లాక్‌డౌన్, ఇంట్లో పిల్లలు, టీవీ పెడితే చాలు కోడింగ్ క్లాసుల ప్రకటనలు. ఆ జులైలోనే జాతీయ విద్యా విధానం వచ్చింది. మిడిల్ స్టేజీలో, అంటే ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో, కోడింగ్‌కి సంబంధించిన పనులు ప్రవేశపెడతామని అందులో ఒక ముక్క ఉంది. తల్లిదండ్రులకి టెన్షన్ పుట్టడానికి ఆ ఒక్క ముక్క చాలు. ఆగస్టులో బైజూస్ 30 కోట్ల డాలర్లు పెట్టి, పిల్లలకి ఆన్‌లైన్లో కోడింగ్ క్లాసులు అమ్మే వైట్‌హ్యాట్ జూనియర్‌ని కొనేసింది. ప్రకటనలు ఎంత దూరం వెళ్ళాయంటే, కొన్నింటిని తీసేయమని అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ చెప్పాల్సి వచ్చింది. 2024 వచ్చేసరికి బైజూస్ దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. ఆ కథ అందరికీ తెలిసిందే, ఇక్కడ మళ్ళీ తవ్వను.

కాకపోతే అందరూ తిట్టే ఆ మోడల్లో నాకు ఒక్కటి నచ్చింది. ఒక టీచరు, ఒక పిల్ల. టీచరు ఆ పిల్ల స్క్రీనే చూస్తూ ఉండటం. అమ్మిన పద్ధతి, ఆరేళ్ళ పిల్లలకి పెట్టిన ఆశలు, తల్లిదండ్రుల్ని భయపెట్టడం, ఇవన్నీ తప్పులే. కానీ పిల్ల స్క్రీన్ మీద కన్నేసి ఉంచే మనిషి కావాలన్న సంగతి తప్పు కాదు. అది బాగా ఖర్చయ్యే పని కాబట్టి అంత రేటు పెట్టారు, అంత రేటు కట్టించడానికి అన్ని కబుర్లు చెప్పారు. ఆ గోలలో పడి మనం తిట్టాల్సినదాన్నీ తిట్టకూడనిదాన్నీ కలిపి తిట్టేశాం. మనిషి అవసరం లేదు, యాప్ చాలు, వీడియో చాలు అనే వైపుకి వచ్చేశాం.

ఇప్పుడు అసలు పని ఎలా ఉంటుందో కాస్త దగ్గర్నుంచి చూపిస్తాను.

మా గుంపులో పిల్లల్లో ఎక్కువమంది దగ్గరున్నది వాళ్ళ అమ్మ ఫోనో నాన్న ఫోనో. నాన్న పనిలోంచి వచ్చాకే చేతికొస్తుంది, కాబట్టి క్లాసు రాత్రి ఎనిమిది తర్వాతే. ఫోన్లో స్పెక్ ఎడిటర్, ఏకోడ్ లాంటివి వేసుకుంటే హెచ్‌టీఎంఎల్ ఫైలు రాసి అక్కడే పేజీ చూసుకోవచ్చు. కోడు రాయడానికే పుట్టినవి కాబట్టి వాటిలో కోణాల బ్రాకెట్లకి (< >) విడిగా మీటలుంటాయి. అవి తెలియక మామూలు నోట్స్ యాప్‌లో మొదలుపెట్టిన పిల్లల కష్టం చూడాలి. గూగుల్ కీబోర్డులో ఒక్క కోణం బ్రాకెట్ కోసం ముందు అంకెల పేజీకి వెళ్ళాలి, అక్కడి నుంచి ఇంకో గుర్తుల పేజీకి వెళ్ళాలి. ఒక ట్యాగు, అంటే ఇది శీర్షిక, ఇది పేరా అని బ్రౌజర్‌కి చెప్పే గుర్తు, తెరిచి మూయడానికి అలాంటి బ్రాకెట్లు నాలుగు కావాలి. పైగా ఫోను తెలివితేటలు చూపిస్తుంది. ఖాళీ పెట్టని చోట ఖాళీ పెడుతుంది, చిన్న అక్షరాన్ని పెద్దది చేస్తుంది. బ్రాకెట్ తర్వాత ఒక్క ఖాళీ పడిందంటే బ్రౌజర్ దాన్ని ట్యాగుగా ఒప్పుకోదు, మామూలు అక్షరాల్లాగే పేజీ మీద పరిచేస్తుంది. "సార్, నేను రాసిందే కనిపిస్తోంది సార్" అని ఫోటో వస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకి, దాదాపు 4.6 లక్షల మందికి, ట్యాబులు ఇచ్చారు. పాఠాల వీడియోలు ముందే వేసి ఇచ్చారు. మంచిదే. కానీ ట్యాబు ప్రధానంగా చూసే వస్తువు, టైపు చేసే వస్తువు కాదు. కోడింగ్‌కి కావాల్సింది రెండోది. ఎవరైనా దాత వచ్చి ఏం ఇమ్మంటారు అని అడిగితే నేను చెప్పేది ఒక మామూలు వైరు కీబోర్డు, దాన్ని ఫోనుకి తగిలించే ఒక ఓటీజీ కేబులు. రెండూ కలిపి ఐదారు వందల్లో వచ్చేస్తాయి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకి తగిలించగానే పనిచేస్తాయి. కీబోర్డు వచ్చిన వారంలోనే పిల్లల వేగం మారిపోతుంది, ముఖ్యంగా విసుగు తగ్గుతుంది. ల్యాప్‌టాప్ ఇస్తానంటే కాదనం, కానీ దాని కోసం ఏడాది ఆగడం దండగ.

ఫోన్లు లేవన్న సాకు ఇదివరకంత బలంగా లేదు కూడా. పల్లె పిల్లల చదువు మీద జరిగే అసర్ సర్వే 2024 నివేదిక ప్రకారం దేశంలో గ్రామీణ ప్రాంతాల 14–16 ఏళ్ళ పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. వాళ్ళలో అంతకుముందు వారంలో చదువుకి సంబంధించిన పనికి వాడినవాళ్ళు 57 శాతం, సోషల్ మీడియాకి వాడినవాళ్ళు 76 శాతం. మన దగ్గరా తీరు ఇదే. ఫోను ఉంది, పట్టుకోవడం తెలుసు, రీల్సూ చూస్తున్నారు. ఆ ఫోన్లోనే రాయడం కూడా కుదురుతుందని ఎవరూ చూపించలేదు.

తప్పుల సంగతికి వస్తాను. తొమ్మిదో తరగతి అమ్మాయి తన ఊరి జాతర గురించి పేజీ రాసింది. తెరిస్తే మొదటి లైన్నించి చివరి లైను దాకా అన్నీ బండ అక్షరాలు. "సార్, మొత్తం లావైపోయింది" అంది. పెద్ద శీర్షికకి వాడే హెచ్1 ట్యాగు తెరిచి మూయడం మర్చిపోయిందని నాకు చూడగానే తెలుసు. చెప్పేస్తే అర నిమిషం పని. చెప్పను. "ఏది లావుగా ఉండాలనుకున్నావమ్మా?" "పేరు ఒక్కటే సార్." "మరి లావు ఎక్కడ ఆగాలో బ్రౌజర్‌కి చెప్పావా?" కాసేపు మాట లేదు. తర్వాత ఫోన్లో "ఆఁ" అని వినిపించింది. అంతే, ఆ అమ్మాయి మళ్ళీ ట్యాగు మూయడం మర్చిపోలేదని చెప్పను, మర్చిపోతూనే ఉంది. కానీ పేజీ లావైతే కారణం ఎక్కడ వెతకాలో ఇప్పుడు తనకే తెలుసు.

హెచ్‌టీఎంఎల్‌తో ఇక్కడ ఒక చిక్కుంది. పైథాన్ అనే ఇంకో ప్రోగ్రామింగ్ భాషలో ఒక ఖాళీ అటూఇటూ అయితే ప్రోగ్రాం ఆగిపోయి, ఫలానా లైన్లో తప్పని ఎర్రగా అరుస్తుంది. బ్రౌజర్ అలా కాదు. సగం ట్యాగులు మూయకపోయినా ఏదో ఒకలా సర్దుకుని పేజీ చూపించేస్తుంది. వినడానికి మంచితనంలా ఉంటుంది కానీ కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఇదే ఇబ్బంది. తప్పుంది, తప్పుందని చెప్పే నాథుడు లేడు. అందుకే వెబ్ పేజీల దగ్గర మనిషి అవసరం ఇంకా ఎక్కువ.

కొన్ని తప్పులు ప్రతి బ్యాచ్‌లోనూ వస్తాయి, పిల్లలు మారతారంతే. ఫోటో తన దగ్గర కనిపిస్తుంది, పేజీని అందరూ చూసేలా గిట్‌హబ్ అనే సైటులో పెట్టాక కనిపించదు. ఫైలు పేరు చివర జేపీజీ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, కోడులో చిన్న అక్షరాల్లో రాసుంటుంది. మన కంప్యూటర్లో విండోస్ ఆ తేడా పట్టించుకోదు, అక్కడి సర్వరు, అంటే పేజీల్ని దాచి అడిగినవాళ్ళకి పంపే కంప్యూటరు, పట్టించుకుంటుంది. ఇంకోటి, వాట్సాప్. పిల్లలు కోడుని వాట్సాప్ మెసేజీగా పంపుతారు. వాట్సాప్ నక్షత్రాల మధ్యనున్న మాటని బొద్దుగా, అండర్‌స్కోర్ల మధ్యనున్న మాటని వాలుగా మార్చి గుర్తుల్ని దాచేస్తుంది. ఫైలుగా పంపమని మొదటి రోజే చెప్పడం మేలు, లేదంటే బాగున్న కోడు కూడా మన దగ్గరికి వచ్చేసరికి పాడవుతుంది.

జావాస్క్రిప్ట్ మొదలయ్యాక ఎర్ర అక్షరాలు మొదలవుతాయి, ఇంగ్లీషులో. పిల్లలు వాటిని చదవరు. చదవకుండానే స్క్రీన్‌షాట్ తీసి "ఎర్రర్ వచ్చింది సార్" అంటారు. నేను చేయించే పని ఒకటే, గట్టిగా చదవమంటాను. "కెనాట్ రీడ్ ప్రాపర్టీస్ ఆఫ్ నల్." దీనికి తెలుగులో ఏమంటావు? మొదట్లో ఎవరూ చెప్పలేరు. లేనిదాని లోపల ఏదో వెతుకుతున్నావంటోంది అని నేను చెప్తాను. ఏది లేదు? బటన్ లేదంటోందా? బటన్ పేజీలో ఉంది కదా! ఉంది, కానీ స్క్రిప్టుని పేజీ పైభాగంలో పెట్టావు, అది నడిచే సమయానికి బటన్ ఇంకా పుట్టలేదు. ఇది అర్థమైన పిల్ల, బ్రౌజర్ పేజీని పైనుంచి కిందకి చదువుతుందన్న సంగతి జన్మలో మర్చిపోదు. ఏ వీడియోలో ఎంత బొమ్మ గీసి చెప్పినా ఇంతలా ఎక్కదు. పేజీలోంచి ఒక భాగాన్ని పట్టుకొచ్చే గెట్ ఎలిమెంట్ బై ఐడీ అన్న ఆదేశంలో బై మొదటి అక్షరం చిన్నది రాసి గంట కొట్టుకున్నవాడికి పెద్దక్షరం చిన్నక్షరం తేడా ఎంతో కూడా అలాగే ఎక్కుతుంది.

స్క్రాచ్‌తో మొదలుపెట్టకుండా వెబ్ పేజీలతో ఎందుకు అని కొందరు టీచర్లు అడిగారు. ఆరో తరగతి దాకా స్క్రాచే మంచిది, అందులో వాదన లేదు. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకి మాత్రం పేజీయే సరైనదని నా అభిప్రాయం. పేజీ చేశాక ఒక లింకు వస్తుంది, ఆ లింకు వాళ్ళ మామయ్యకి పంపొచ్చు. ఆయన కువైట్‌లో ఉన్నా తెరుస్తాడు. తెరిచి "ఇక్కడ అక్షరం తప్పు పడిందిరా" అంటాడు. చూసేవాళ్ళున్నారని తెలిస్తే పిల్లలు రాత్రికి రాత్రి దిద్దుతారు. పైథాన్‌లో మొదటి వంద నంబర్ల కూడిక చేస్తే ఏ మామయ్యా మెచ్చుకోడు.

రెండో కారణం, వెబ్ పేజీకి దాపరికం లేదు. బడిలో కంప్యూటర్ గది తాళం తీసిన రోజు నేను చేయించే పని, ఏదైనా పరీక్షా ఫలితాల పేజీ తెరిచి, మార్కు మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌స్పెక్ట్ కొట్టడం. 43 కాస్తా 93 అవుతుంది. గదంతా గోల. "సార్, హ్యాక్ చేసేశాం!" అప్పుడు పేజీ రిఫ్రెష్ చేయమంటాను. మళ్ళీ 43. మార్చింది మన దగ్గరికొచ్చిన నకలునే, అసలుది సర్వరు దగ్గర భద్రంగా ఉంది. సర్వరు, బ్రౌజరు వేరువేరని ఇంతకంటే బాగా చెప్పే పాఠం నాకు దొరకలేదు. దాని వెంటే ఇంకో సంగతి వస్తుంది. స్క్రీన్‌షాట్ సాక్ష్యం కాదు. ఫలానా బ్యాంకు నుంచి డబ్బు పడిందని ఎవరో పంపిన బొమ్మని నమ్మకూడదని ఆ పిల్లలు ఇంటికెళ్ళి అమ్మానాన్నలకి చెప్పారు. కోడింగ్ వల్ల ఉద్యోగం వస్తుందో రాదో తర్వాత సంగతి, ఇది మాత్రం ఆ రోజు సాయంత్రమే పనికొచ్చింది.

భాష గురించి చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు. పాఠం తెలుగులోనే చెప్పాలి. అలాగని ట్యాగుకి, లూపుకి, ఫంక్షనుకి కొత్త తెలుగు మాటలు పుట్టించాల్సిన పని లేదు. పిల్లలు వాటిని బస్సు, సైకిలు అన్నంత తేలిగ్గా అనేస్తారు. తెలుగు కావాల్సింది ఆలోచనకి, ప్రశ్నకి, పేజీలో రాసే విషయానికి. పేజీలో తెలుగు పెట్టమంటే మొదట సిగ్గుపడతారు, వెబ్‌సైటంటే ఇంగ్లీషులోనే ఉండాలని వాళ్ళ లెక్క. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, గురజాడ, పెద్దన, ధూర్జటి, తిమ్మన అని తెలుగు ఫాంట్లున్నాయని, ఉచితమని చూపిస్తే ఎగబడి మార్చుకుంటారు. ఫాంటు మార్చాక ఒత్తులు కింది లైను గుడుల్ని తన్నుకుంటున్నాయని వాళ్ళే కనిపెడతారు. లైన్ హైట్, అంటే లైన్ల మధ్య ఎడం, పెంచాలన్న పాఠం అప్పుడు చెప్తే చాలు. ఇంగ్లీషు కోర్సుల్లో ఆ అవసరం రాదు కాబట్టి అక్కడ అది ఒక మూల అంకె మాత్రమే.

అన్నిటికంటే మాకు మజా వచ్చింది వికటకవి దగ్గర. ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే మాటని కనిపెట్టే ప్రోగ్రాం ప్రతి కోర్సులోనూ ఉంటుంది. ఇంగ్లీషులో మేడమ్ అన్న మాటతో చేయిస్తారు. అక్షరాలు విడగొట్టు, తిరగెయ్యి, కలుపు, పాతదానితో పోల్చు. మూడు లైన్లు. మా వాళ్ళకి తెనాలి రామకృష్ణుడు ఉండగా మేడమ్ ఎందుకు? వికటకవి అని పెట్టారు. కాదు పొమ్మంది కంప్యూటరు. కాళికాదేవి ఇచ్చిన బిరుదుని జావాస్క్రిప్ట్ ఒప్పుకోవట్లేదని ఒకటే నవ్వులు. తిరగేసిన మాటని పేజీ మీద అచ్చు వేయమన్నాను. ముందు చుక్కల సున్నా మీద ఒంటరి గుడి, తర్వాత వ, క, ట, కి, వ.

ఎన్ని అక్షరాలున్నాయో లెంగ్త్ అడిగితే ఏడు అంది. మనకి ఐదే. వి, క, ట, క, వి. ఎక్కడిదీ ఏడు? ఒక పిల్లాడు కాగితం మీద విడగొట్టి చెప్పాడు. వ ఒకటి, గుడి ఒకటి. కంప్యూటర్లు అక్షరాల్ని దాచుకునే యూనికోడ్ పద్ధతిలో తెలుగు గుణింతపు గుర్తులు విడిగా నిలబడతాయి, హల్లు పక్కన అవి ఇంకో గడి తీసుకుంటాయి. తిరగేసినప్పుడు చివరి వి మీదున్న గుడి అందరికంటే ముందుకొచ్చి ఒంటరిదైపోయింది, మొదటి వి మీది గుడి పోయి క మీద కూర్చుంది. అప్పుడు ఇంటిల్ సెగ్మెంటర్ అనే సదుపాయం చూపించాను. మనిషి కళ్ళకి ఒక అక్షరంగా కనిపించేదాన్ని అది ఒకటిగానే విడదీస్తుంది. దాంతో విడగొట్టి తిరగేస్తే వికటకవి నెగ్గాడు. ఒత్తులొస్తే ఇంకో పేచీ ఉంది, పాత బ్రౌజర్లు అమ్మలో మ్మని పొల్లు దగ్గర తెంపేస్తాయి, కానీ అది ఇంకో రోజు సంగతి. పేజీకి ఏ ఫాంటు పెట్టారంటే, గూగుల్ ఫాంట్స్‌లో తెనాలి రామకృష్ణ పేరుతోనే ఒక ఫాంటుంది, అదే.

హైదరాబాద్‌లో పదేళ్ళ అనుభవమున్న డెవలపర్లలో కూడా లెంగ్త్ అంటే అక్షరాల సంఖ్యే అనుకునేవాళ్ళున్నారు. పల్లెటూరి బడి పిల్లలకి ఆ తేడా తెలియడానికి కారణం వాళ్ళు తమ భాషలో మాట పెట్టి చూడటం, పనిచేయకపోతే ఎందుకని అడగడం.

ఏఐ సంగతి తప్పదు. చాట్‌జీపీటీ 2022 నవంబరులో వచ్చింది. ఇప్పుడు ఎనిమిదో తరగతి పిల్లాడు కూడా "క్రికెట్ స్కోరు వెబ్‌సైటు చేసి ఇవ్వు" అని అడిగి, రెండు వందల లైన్ల పేజీ తెచ్చి చూపిస్తాడు. రంగులు, కదలికలు, అన్నీ దివ్యంగా ఉంటాయి. మనిషి అక్కర్లేదు, తప్పులు కూడా అదే చెప్తుంది కదా అంటారు. చెప్తుంది, నిజమే. కాకపోతే అడిగిన మరుక్షణం మొత్తం దిద్ది చేతిలో పెడుతుంది. పైన చెప్పిన జాతర పేజీ అమ్మాయికి కాసేపు మాట రాని ఆ వ్యవధి ఉందే, దాన్ని మింగేస్తుంది. నేర్చుకోవడమంతా ఆ వ్యవధిలోనే జరుగుతుంది. నేను ఏఐని వద్దనను, వద్దన్నా వినరు. ఒక్క షరతు పెట్టాను. ఏ లైను చూపించి ఇదేంటని అడిగినా చెప్పాలి, చెప్పలేని లైను తీసేయాలి. రెండు వందల లైన్లు తెచ్చినవాడు ముప్ఫైకి దిగుతాడు. ఆ ముప్ఫై వాడివే.

సాయం చేద్దామనుకునే పెద్దవాళ్ళకి, ముఖ్యంగా అమెరికాలోనూ మరోచోటా ఉండి "మా ఊరి పిల్లలకి ఏదైనా చేద్దాం" అనుకునేవాళ్ళకి, రెండు మూడు మాటలు. మీకు శనివారం రాత్రి మాకు ఆదివారం పొద్దున్న, కాబట్టి టైము కుదురుతుంది. కుదరనిది ఓపిక. మొదటి క్లాసుకి స్లైడ్లు వేసుకొచ్చి గంటసేపు ఇంటర్నెట్ చరిత్ర చెప్పి, రెండో నెలకి ఆఫీసు పనిలో పడి మాయమయ్యేవాళ్ళని పిల్లలు చాలామందిని చూశారు. గంట ఉపన్యాసం కంటే రోజూ రాత్రి పది నిమిషాలు వాళ్ళు పంపిన ఫైలు తెరిచి ఒక ప్రశ్న రాయడం నయం.

పిల్లలతో విడిగా ప్రైవేటు చాట్‌లు పెట్టుకోవద్దు. గుంపులోనే మాట్లాడండి, ఆ గుంపులో బడి టీచరో తల్లిదండ్రులో ఉండాలి. మా దగ్గర లెక్కల మాస్టారు ఉంటారు. ఆయనకి కోడింగ్ రాదు, అయినా ఆయన లేకపోతే ఈ పని లేదు. ఏ పిల్ల ఇంట్లో ఫోను పాడైందో, ఎవరు వారం నుంచి ఎందుకు రావట్లేదో ఆయనకే తెలుసు. గిట్‌హబ్‌లో ఖాతా తెరవాలంటే 13 ఏళ్ళు నిండాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళలోపు వాళ్ళందరినీ పిల్లలుగానే లెక్కేస్తుంది, తల్లిదండ్రుల ఒప్పుకోలు కావాలంటుంది. చట్టం సరే, పేజీలో పిల్లల ఫోటో, ఇంటిపేరు, బడి పేరు, ఫోన్ నంబరు ఉండకూడదన్నది మామూలు బుద్ధి. పిల్లలు మొదటి పేజీలో పెట్టేవి సరిగ్గా ఆ నాలుగే.

ఉచితంగా దొరికే వేదికల్ని నమ్ముకోవద్దు. వెబ్‌సైట్లని నడిపే హెరోకు ఉచిత సేవ 2022లో ఆగింది. గ్లిచ్‌లో పిల్లల ప్రాజెక్టులు ఎన్నుండేవో, 2025 జులైలో అది పేజీల్ని నడపడం మానేసింది. రాసిన ఫైళ్ళు ముందు పిల్ల ఫోన్లో ఒక ఫోల్డర్లో ఉండాలి, ఆ తర్వాతే ఎక్కడైనా పెట్టాలి. హెచ్‌టీఎంఎల్ ఫైలుకి ఎవరి దయా అక్కర్లేదు, బ్రౌజర్ ఉంటే తెరుచుకుంటుంది. వెబ్ పేజీలతో మొదలుపెట్టమనడానికి ఇదీ ఒక కారణమే.

ఇదంతా విని ఓ మిత్రుడు అన్నాడు, "ఒక్కొక్కరి కోడూ కూర్చుని చదువుతూ పోతే ఎంతమందికి నేర్పుతావు? లక్షలమంది పిల్లలున్నారు." న్యాయమైన ప్రశ్నే. లక్షలమందికి ఒకేసారి అందించగలిగేది వీడియోనే, అది ఎప్పుడో అందింది. మిగిలిన పనిని పిల్లలే పంచుకోగలరు. మా గుంపులో తొమ్మిదో తరగతివాళ్ళ కోడు పదో తరగతివాళ్ళు చూస్తారు. దిద్దకూడదు, "నువ్వు ఏం రావాలనుకున్నావు, ఏం వచ్చింది?" అని మాత్రమే అడగాలి. మొదట్లో పెత్తనం చేసేవాళ్ళు, ఫైలు లాక్కుని దిద్ది ఇచ్చేసేవాళ్ళు. అలా దిద్దిన కోడు వద్దని చిన్నవాళ్ళే గొడవ పెట్టుకున్నాక దారిలోకి వచ్చారు. ఇతరుల కోడు చదవడం వల్ల పెద్దవాళ్ళకి వచ్చిన పట్టు, సొంతంగా పేజీలు రాసినప్పుడు కూడా రాలేదని నాకు అనిపిస్తుంది. ఉద్యోగంలో మేం రోజూ చేసేది కూడా అదే, కొత్తది రాయడం తక్కువ, ఎవరో రాసింది చదవడం ఎక్కువ.

దీనికీ ఒక చిక్కుంది. సంక్రాంతి సెలవులు అవ్వగానే పదో తరగతి పిల్లలు కనిపించరు. స్పెషల్ క్లాసులు, స్లిప్ టెస్టులు, మార్చి పరీక్షలు. ఫోన్లు ఇంట్లోవాళ్ళు లాగేసుకుంటారు, తప్పు పట్టలేం. ఆ రెండు మూడు నెలలు బరువంతా మళ్ళీ నా మీదా, తొమ్మిదిలో చురుగ్గా ఉన్న ఇద్దరు ముగ్గురి మీదా పడుతుంది. జూన్‌లో బడులు తెరిచాక ఆ ఇద్దరు ముగ్గురూ పదిలోకి వస్తారు, కింద నుంచి కొత్తవాళ్ళు వస్తారు. ఈ లెక్కన ఒక్కో బడికి కోడు తెలిసిన మనిషి ఒకరు, పిల్లల సంగతి తెలిసిన మాస్టారు ఒకరు ఉంటే సరిపోతుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లో వెబ్ పని చేసేవాళ్ళ సంఖ్యతో పోలిస్తే హైస్కూళ్ళేమంత ఎక్కువ లేవు.